గడప దాక వచ్చిన సేవ: కుటుంబ నియంత్రణ చరిత్రలో కొన్ని ఘట్టములు

కుటుంబ నియంత్రణమను మాట మన ఇండ్లలో చాలకాలము గొంతు తగ్గించి పలుకబడినది. తరువాత ఒక కాలమున గోడలమీదను, బస్సులమీదను, రేడియోలోను ఆ మాటయే మారుమ్రోగినది. గుసగుసకును మారుమ్రోతకును నడుమ ఒక చిన్న పని జరుగవలసియుండెను. సందేహముతో వచ్చిన స్త్రీకి నిదానముగ సమాధానము చెప్పుట, ఒక సాధనమో మందో ఇచ్చిన పిదప పదునైదు దినములకు మరల ఆమె గడపకు పోయి "ఎట్లున్నదమ్మా?" అని విచారించుట - ఇదియే ఆ పని. బీద దేశములలో ఈ సేవను నడపిన ప్రభుత్వములును సంఘములును ఆ పనిని ఎక్కడ చేసినవో, ఎక్కడ మఱచినవో తెలుపు కొన్ని ఘట్టములను పాఠకుల ముందుంచుచున్నాము. జనాభా పెరుగుదల దేశమునకు మేలా, కీడా అను పాత వాదములోనికి మేము దిగబోము. అది వేఱొక ప్రసంగమునకు తగిన విషయము.

మన దేశమున ఈ సేవకు తొలి పూనిక వహించినవాడు ఒక లెక్కల పంతులు. ఆయన పేరు రఘునాథ ధొండో కర్వే. వితంతువుల విద్యకై జీవితమును ధారవోసిన ధొండో కేశవ కర్వే పండితుని కుమారుడు. బొంబాయిలోని విల్సన్ కళాశాలలో గణితము బోధించుచు 1921లో సంతాన నిరోధమును గూర్చి సలహాలిచ్చు కేంద్రమునొకదానిని తెఱచెను. కళాశాల అధికారులకిది రుచింపలేదు. 1925లో ఆయన ఉద్యోగము విడువవలసివచ్చెను. 1927 మొదలుకొని తాను మరణించిన 1953 వఱకు 'సమాజ స్వాస్థ్య' అను మరాఠీ మాసపత్రికను నడపెను. దాంపత్యమును గూర్చియు, లైంగికారోగ్యమును గూర్చియు పాఠకులు వ్రాసి పంపిన ప్రశ్నలకు ఆ పత్రికలో దాపరికము లేక జవాబులిచ్చెను. అశ్లీలమను అభియోగములు వచ్చినవి. 1934లో అట్టి వ్యాజ్యమున కర్వే పక్షమున వాదించిన న్యాయవాది డాక్టరు అంబేద్కరు. వ్యాజ్యమున వారికి జయము కలుగలేదు. అయినను, ఈ విషయములలో సామాన్యులకు ప్రశ్నలుండుననియు, వానికి సమాధానము చెప్పుటయే సేవయనియు కర్వే గ్రహించియుండెను. ప్రభుత్వములకు ఈ గ్రహింపు కలుగుటకు మఱి దాదాపు డెబ్బది యేండ్లు పట్టినది.

1930లో మైసూరు సంస్థాన ప్రభుత్వము బెంగళూరు, మైసూరు నగరముల ఆసుపత్రులలో సంతాన నిరోధ కేంద్రములను తెఱచుటకు ఉత్తరువు చేసెను. ఒక ప్రభుత్వము తానై ఇట్టి పనికి పూనుకొనుట ప్రపంచముననే మొదటిదని చెప్పుదురు. 1935 డిసెంబరులో అమెరికా వనిత మార్గరెట్ శాంగర్ వార్ధాకు వచ్చి గాంధీమహాత్మునితో ఈ విషయమై వాదించెను. మహాత్ముడు ఆత్మనిగ్రహమొక్కటియే మార్గమనెను. తన శరీరముపై స్త్రీకే అధికారముండవలెనని ఆమె పట్టుపట్టెను. ఎవరును తమ మతమును మార్చుకొనలేదు. స్వతంత్ర భారత ప్రభుత్వము 1952లో, లోకమున మఱి యే ప్రభుత్వమును చేయనివిధముగ, కుటుంబ నియంత్రణమును జాతీయ కార్యక్రమముగ స్వీకరించినపుడు ఆ వార్ధా వాదము ఇంకను తెగియుండలేదు.

తెగలేదనుటకు నిదర్శనము రామనగరము పూసల కథ. ఆనాటి ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృత కౌర్ గాంధీజీ శిష్యురాలు. కృత్రిమ సాధనములన్న ఆమెకు సమ్మతము లేదు. కావున ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయమున, నెలలో కొన్ని దినములు దంపతులు దూరముగ నుండు పద్ధతిని పరీక్షింప నిశ్చయించిరి. అమెరికానుండి డాక్టరు అబ్రహాం స్టోన్ వచ్చెను. ఢిల్లీలోని లోడీ కాలనీయందును, మైసూరు రాష్ట్రములోని రామనగరమునందును ప్రయోగము జరిగెను. చదువురాని స్త్రీలు దినములు లెక్కించుకొనుటకై రంగురంగుల పూసల దండలిచ్చిరి. దినమున కొక పూసను జరుపవలెను. ఫలానా రంగు వచ్చినచో జాగ్రత్త వహింపవలెను. వినుటకిది చక్కని ఉపాయమే. కాని దీపము లేని గదిలో పూస రంగు ఎవరికి కనబడును? బాలింతకు ఋతుక్రమము ఒక తీరున నుండదు. ఆమె లెక్కకు ఆధారమేది? దండను తాయెత్తువలె భావించి, మెడలో నుండిన చాలునని తలచినవారును గలరని తరువాతి కాలమున వ్రాసినవారు చెప్పుదురు. అన్నింటికంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి: ఆ దినములలో దూరముగ నుండుట భార్య చేతిలో నున్న విషయమా? పూసలు జరుపుట ఆమెకు నేర్పిరి. ఆమె భర్తతో మాటాడినవారు తక్కువ.

తొలి ప్రణాళికలో ఈ కార్యక్రమమునకు కేటాయించినది 65 లక్షల రూపాయలు. రెండవ ప్రణాళిక ముగియునాటికి దేశమున నాలుగు వేలకు పైగా కేంద్రములు వెలసినవి. బల్ల, కుర్చీ, బీరువా, గోడకు పటము - అన్నియు నుండెను. రావలసిన జనులు మాత్రము అంతగా రాలేదు. పొద్దున పొలమునకు పోవు స్త్రీ అయిదారు మైళ్లు నడచి, పదిమంది చూచుచుండగా ఆ గుమ్మములోనికి వెళ్లుట ఎంత కష్టమో బల్ల వెనుక కూర్చున్నవారికి తట్టలేదు. 1961 జనాభా లెక్కలలో దేశ జనసంఖ్య 43.9 కోట్లని తేలినది. ప్రణాళికా రచయితలు అంచనా వేసినదానికంటె ఇది మిక్కిలి హెచ్చు. అంతట 1963లో కర్నల్ బి. ఎల్. రైనా సూచనల ననుసరించి పద్ధతి మార్చిరి. జనులు కేంద్రమునకు వచ్చువఱకు వేచియుండక, కార్యకర్తలే గ్రామములకు పోవలెననిరి. ఆలోచన మంచిదే. కాని గ్రామమునకు పోయిన కార్యకర్త చేతిలో ఏమున్నది, ఆమెను ఏ లెక్క అడిగిరి అను ప్రశ్నలు మిగిలియుండెను. లూపు కథ ఆ ప్రశ్నలకు జవాబు చెప్పును.

బఫెలో నగరమున డాక్టరు జాక్ లిప్పెస్ రూపొందించిన ప్లాస్టికు లూపు 1965లో మన దేశమునకు వచ్చెను. ఒక్కమారు వేసిన ఏండ్ల తరబడి పనిచేయును, వెల స్వల్పము, దినదినము జ్ఞాపకముంచుకొనవలసిన పని లేదు. అధికారులకు ఇంతకంటె ఏమి కావలెను? కాన్పూరులో ఉత్పత్తి ఆరంభమైనది. మొదటి సంవత్సరమున సుమారు 8 లక్షలమందికి, 1966-67లో 9 లక్షలమందికి పైగా లూపు వేసిరి. ఆ మఱుసటి ఏడు ఆ సంఖ్య 6.7 లక్షలకును, 1968-69లో 4.8 లక్షలకును జారినది. రెండేండ్లలో దాదాపు సగమైనది.

లూపు నిజముగ చెడ్డ సాధనమా? కాదు. అటువంటి సాధనములను పెక్కు దేశముల స్త్రీలు ఏండ్ల తరబడి వాడిరి, నేటికిని వాడుచున్నారు. మన గ్రామములలో జరిగినది ఇది. లూపు వేసిన తొలి నెలలలో కొందఱికి రక్తస్రావము హెచ్చగును, నడుము నొప్పి కలుగును. మన స్త్రీలలో ఎందఱో అప్పటికే రక్తహీనతతో బాధపడుచుండిరి. వేయుటకు ముందు నిదానముగ పరీక్షించి, ఎవరికి తగునో ఎవరికి తగదో చూచు స్త్రీ వైద్యులు గ్రామములలో అరుదు. శిబిరమునకో, సంచార వాహనమునకో వచ్చిన స్త్రీకి, "రెండు మూడు నెలలు ఇట్లుండవచ్చును, భయపడవలదు, మరీ ఎక్కువైన తీసివేయుదుము" అని చెప్పువారు కఱవైరి. ఆమె బాధతో తిరిగి వచ్చునప్పటికి వాహనము మఱియొక ఊరికి పోయియుండెను.

దీనికి తోడు మన ఇండ్ల ఆచారమును తలచుకొనుడు. బహిష్టు దినములలో స్త్రీ వంటయింటిలోనికిని దేవుని గదిలోనికిని పోరాదను కుటుంబములు ఆనాడు ఎన్నియో. స్రావము మూడు దినములకు మారుగ ఎనిమిది, పది దినములున్నచో ఆ ఇంటిలో అన్నము ఎవరు వండుదురు? అత్తగారికి ఏమని చెప్పుదురు? డాక్టరు పుస్తకమున ఇది 'స్వల్ప ఇబ్బంది'. ఆ కోడలికి అది సంసారమునే తలక్రిందులు చేయు సంగతి. ఒక్కతె తీసివేయించుకొనిన ఊరిలో పదిమంది వినిరి. లూపు కడుపులోనికి ఎక్కునని, ప్రాణము తీయునని వదంతులు బయలుదేరినవి. వానిని 'అజ్ఞానము'గా భావించి నివేదికలు వ్రాసిరి. మా దృష్టిలో అది అన్యాయము. నిజమైన బాధకు నిజమైన జవాబు దొరకనిచోట వదంతి పుట్టక మానదు.

1966లో కేంద్రమున కుటుంబ నియంత్రణకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. రాష్ట్రమునకు ఇంత, జిల్లాకు ఇంత, సమితికి ఇంత అని లక్ష్యములు వచ్చినవి. లక్ష్యము లూపు వేయుటకే. అది ఆఱు నెలలు నిలిచినదా, ఆమె కులాసాగ నున్నదా అనుటకు లక్ష్యము లేదు. నెలాఖరున పై అధికారి అడుగునది దేనినో దానినే క్రింది ఉద్యోగి చేయును. ఇది కార్యాలయముల స్వభావము.

రేడియోవారము గనుక మా పాలు గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1960ల చివరి భాగమున ఆకాశవాణి కేంద్రములలో కుటుంబ నియంత్రణ విభాగములు ఏర్పడినవి. ఎఱ్ఱ త్రికోణము గోడల కెక్కినది. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అను మాట పసిపిల్లల నోటికి గూడ వచ్చినది. ప్రచారము మాటను గడప దాక చేర్చెను, సందేహము లేదు. కాని రేడియో పెట్టె పలుకును గాని వినదు. "నాకు నొప్పిగా నున్నది" అని ఒక యిల్లాలు దానితో చెప్పుకొనజాలదు. వినవలసిన నర్సమ్మకు ఆ నెల లక్ష్యము మిగిలియుండెను.

ఆ కాలమున సజావుగ నడచిన పని యొకటి గలదు. 1968లో 'నిరోధ్' వచ్చినది. మూడింటి వెల 15 పైసలు. దానిని టీ పొడి, సబ్బులు, సిగరెట్లు, బ్యాటరీలు అమ్ము పెద్ద కంపెనీల ద్వారమున దుకాణములకు చేర్చిరి. ఆ కంపెనీల ప్రతినిధి ప్రతి దుకాణమునకు విధిగ వచ్చువాడు. సరకు అయిపోయిన మరల వేయును. కొనువాడు ఎవరికిని సంజాయిషీ చెప్పనక్కఱలేదు. ఇందు ఉపన్యాసములు లేవు, మరల వచ్చుట మాత్రము కలదు. అందుకనియే కాబోలు, అది నిలిచినది.

లూపు వెనుకబడినకొలది ప్రభుత్వము చూపు పురుషుల శస్త్రచికిత్సవైపు మరలినది. కేరళలోని ఎర్నాకుళమున కలెక్టరు ఎస్. కృష్ణకుమార్ 1970 చివరను, మరల 1971 జూలైలోను భారీ శిబిరములు నడపెను. రెండవదానిలో ఒక్క నెలలో 63,418 శస్త్రచికిత్సలు జరిగెను. వానిలో మిక్కిలి భాగము వేసెక్టమీలే. పండుగ వాతావరణము, నగదు, కానుకలు - వీనిని చూచి దేశమంతయు ఆశ్చర్యపడినది. ఆ జిల్లాలో దాని వెనుక నెలల తరబడి జరిగిన సన్నాహమును, శుభ్రతను, వైద్యుల ఏర్పాటును చూచినవారు తక్కువ. ఇతర రాష్ట్రములు జనసమ్మర్దమును అనుకరించినవి, సన్నాహమును అనుకరింపలేదు. 1972లో ఉత్తరప్రదేశములోని గోరఖ్‌పూరు జిల్లా శిబిరమున చికిత్స చేయించుకొన్నవారిలో కొందఱు ధనుర్వాతముతో మరణించిరి.

ఆ పిదప వచ్చినది అత్యవసర పరిస్థితి. 1976-77 సంవత్సరమునకు 43 లక్షల శస్త్రచికిత్సలు లక్ష్యముగ నుండగా 82 లక్షలకు పైగా జరిగెను. వానిలో 62 లక్షలు పురుషులవి. ఉపాధ్యాయులకును, గుమాస్తాలకును మనుష్యులను తెచ్చు లెక్కలు విధించిరి, జీతములు ఆపిరి. హర్యానాలోని ఉట్టావర్ గ్రామమును 1976 నవంబరులో పోలీసులు చుట్టుముట్టి పురుషులను పట్టుకొనిపోయిరి. శస్త్రచికిత్సల అనంతరము జరిగిన 1,774 మరణములను షా విచారణ సంఘము నమోదు చేసెను. 1977 ఎన్నికలలో ఉత్తర భారతము తన తీర్పును చెప్పినది. శాఖ పేరు 'కుటుంబ సంక్షేమము'గ మారినది. ఆ మఱుసటి సంవత్సరమున మొత్తము శస్త్రచికిత్సలు 10 లక్షలకు లోబడినవి. పురుషులు ఆనాడు తప్పుకొనినవారు మరల ఈ వైపునకు రాలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో వేసెక్టమీపై ఆధారపడిన దంపతులు నూటికి ఒకరు గూడ లేరు. ఆ బరువంతయు స్త్రీలపై పడినది.

మన దేశమున ఈ గాయము పచ్చిగ నున్న 1977లోనే పొరుగు దేశమైన బంగ్లాదేశమున వేఱొక ప్రయత్నము మొదలైనది. ఢాకా నగరమునకు ఆగ్నేయ దిశను మేఘనా నది ప్రాంతమున మత్లబ్ అను పల్లపు సీమ గలదు. వర్షాకాలమున అచటి ఇండ్ల గుంపులు దీవులవలె నుండును. పడవ లేనిదే పొరుగింటికైన పోలేరు. కలరా వ్యాధిని పరిశోధించుటకు 1960లో ఢాకాలో నెలకొల్పిన ప్రయోగశాల ఈ ప్రాంతమున క్షేత్రకేంద్రము నుంచినది. ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగించి కలరా రోగిని బ్రదికించు పద్ధతికి ఆధారమైన పరిశోధనలలో ముఖ్యమైనవి కొన్ని ఆ సంస్థవి. 1966 మొదలుకొని ఆ గ్రామములలో ప్రతి జననమును, ప్రతి మరణమును ఇంటింటికి పోయి వ్రాసికొనుచుండిరి. కనుక అచట చేసిన ఏ పనికిని ఫలితమును మఱుగుపఱచుటకు వీలులేదు.

యుద్ధమును, 1974 కఱవును అనుభవించిన ఆ ప్రజలలో 1975లో మొదటి ప్రయోగము జరిగినది. సగము గ్రామములలో ఇంటింటికి మాత్రలు పంచిరి. పంచినవారు ఎక్కువగ చదువురాని వృద్ధ స్త్రీలు, మంత్రసానులు. చేతికి అందించినచో చాలును, జనులు తామై వాడుకొందురను నమ్మిక దీని వెనుక నుండెను. తొలినాళ్లలో వాడకము పెరిగినది, పిదప తగ్గిపోయినది. మాత్ర వేసికొనినపుడు తల తిరిగిన, వాంతి వచ్చిన, జవాబు చెప్పువారు లేరు. మన లూపు కథయే మరల జరిగినది. ఇచట సాధనము మాత్రము వేఱు.

కాని మత్లబ్‌వారు తమ లెక్కలను తాము నమ్మిరి. 1977 అక్టోబరునుండి పద్ధతిని సమూలముగ మార్చిరి. ఎనుబదిమంది యువతులను ఎన్నుకొనిరి. వారు ఆ గ్రామములవారే. చదువుకొన్నవారు, వివాహితలు, తామును ఏదో ఒక పద్ధతిని వాడుచున్నవారు. ఒక్కొక్కరికి సుమారు వేయిమంది జనాభా. రెండు వారముల కొకమారు ప్రతి యింటికి పోవలెను. మాత్రలు, నిరోధ సాధనములు, సూది మందు, కాపర్-టి, శస్త్రచికిత్స - ఏది కావలెనో ఇంటి ఇల్లాలు ఎన్నుకొనవచ్చును, నచ్చనిచో మార్చుకొనవచ్చును. బాధ కలిగినచో సమీపమున ఉపకేంద్రము, అందు శిక్షణ పొందిన స్త్రీలు, వారిపైన వైద్యురాలు. తరువాత ధనుర్వాతపు టీకా, పిల్లలకు తట్టు టీకా, విరేచనములకు ఉప్పు-చక్కెర పొట్లము గూడ అదే చేతినుండి అందినవి.

పరదా పాటించు సమాజమున యువతులు సంచి భుజమున వేసికొని కాలువ గట్టులవెంట నడచుట స్వల్ప విషయము కాదు. మొదట ఊరివారు గొణిగిరి. కాని నెలకు రెండు మార్లు వచ్చి, బిడ్డ జ్వరమును గూడ విచారించు మనిషి త్వరలోనే ఇంటి మనిషియైనది. నూటికి పదిమంది లోపు వాడుచుండినచోట ఏడాదిన్నరలో ముప్పదిమందికి పైగా వాడసాగిరి. 1980ల నడుమకు నలువది దాటినది. ప్రక్కనున్న పోలిక గ్రామములలో, మామూలు ప్రభుత్వ సేవలు మాత్రమే యున్నచోట, అందులో సగము గూడ లేదు. ఆ స్త్రీలలో చాలమంది కోరినది సూది మందు. అది ఇంటిలోనే, ఒక్క నిమిషములో, ఎవరికిని తెలియకుండ జరిగిపోవును. ఆ కోరికయే గృహజీవితమును గూర్చి ఎంతయో చెప్పుచున్నది.

అప్పటివఱకు పండితులు కొందఱు ఒక మాట చెప్పుచుండిరి: బీదరికము పోనిదే, చదువు రానిదే సంతానము తగ్గదని. మత్లబ్ ఆ మాటను పూర్తిగ త్రోసివేయలేదు గాని, దానికి మినహాయింపు గలదని చూపినది. సేవ మంచిదైనచో బీద స్త్రీ గూడ దానిని ఉపయోగించుకొనును. బంగ్లాదేశ ప్రభుత్వము ఈ పాఠమును దేశమంతట అమలుపఱచుటకు వేలకొలది స్త్రీ కార్యకర్తలను నియమించెను. ఒక్కొక్కరికి ఇచ్చిన ఇండ్లు మత్లబ్‌లోకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. రాకపోకలు అంత తఱచుగ జరుగలేదు. అయినను 1970లలో స్త్రీకి సగటున ఆఱుగురికి పైగా నుండిన సంతానము 1990ల నడుమకు మూడున్నరకు దిగినది. ఖర్చు ఎక్కువయని మత్లబ్‌ను విమర్శించినవారును గలరు. ఆ విమర్శ నిజమే. పనికిరాని శిబిరములకు, తీసివేయబడిన లూపులకు అయిన ఖర్చును గూడ అదే చిట్టాలో వ్రాసి చూడవలెనని మేమనుకొందుము.

1994లో కైరో నగరమున 179 దేశముల ప్రతినిధులు సమావేశమై, సంఖ్యలకు మారుగ స్త్రీపురుషుల ఆరోగ్యమును, ఇచ్ఛను ఈ సేవలకు కేంద్రముగ నుంచవలెనని అంగీకరించిరి. లైంగికారోగ్యమను మాట అప్పుడు ప్రభుత్వ పత్రములలో గౌరవస్థానమును పొందినది. మన దేశమున 1996లో పైనుండి విధించు లక్ష్యములను ఎత్తివేసిరి. అలవాటు మాత్రము అంత సులువుగ పోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరు వద్ద ఒక్క వైద్యుడు కొన్ని గంటలలో 83మంది స్త్రీలకు ట్యూబెక్టమీ చేసెను. ఆ శిబిరముల పిదప పదుమువ్వురు స్త్రీలు మరణించిరి. 2016లో సుప్రీం కోర్టు ఇట్టి శిబిరములను మూడేండ్లలోగ నిలిపివేయవలెనని తీర్పు చెప్పినది.

తెలుగు నాట కథ వేఱుగ నడచినది. 1991లో ఆంధ్రప్రదేశమున స్త్రీల అక్షరాస్యత నూటికి 33 మాత్రమే. అయినను సంతానము వేగముగ తగ్గినది. 1992-93లో స్త్రీకి సగటున 2.6గ నుండిన సంతానము 2019-21 నాటికి 1.7 అయినది. దేశమున ఇతరులు దీనిని విజయముగ చెప్పుకొందురు. మేమును కాదనము. కాని ఆ సర్వేలోనే మఱియొక అంకె గలదు: ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి డెబ్బదిమంది శస్త్రచికిత్సనే ఆశ్రయించిరి. తెలంగాణమునను నూటికి అరువదిమందికి పైనే. ఆంధ్రమున మాత్రలు, కాపర్-టి, నిరోధ్ అన్నియు కలిపినను నూటికి ఒకటి రెండుకు మించవు. ఇరువదియైదేండ్లు నిండకమునుపే ఇద్దఱు బిడ్డల తల్లియై, బల్లనెక్కి, అంతటితో ముగించుకొనిన యువతులు మన బంధువర్గములోనే ఎందఱు లేరు? కాన్పునకు కాన్పునకు నడుమ ఎడము కావలెనన్నచో ఏమి చేయవచ్చునో వారిలో ఎందఱికి ఎవరు చెప్పిరి?

ఇద్దఱికంటె ఎక్కువ సంతానము గలవారు స్థానిక ఎన్నికలలో నిలువరాదని 1994లో చట్టము చేసిన ఆంధ్రప్రదేశ్ శాసనసభయే 2024 నవంబరులో ఆ నిబంధనను ఎత్తివేసెను. సంతానము తగ్గిపోవుచున్నదని ఇపుడు విచారము. మొదట వద్దనినది గాని, ఇపుడు కావలెననుచున్నది గాని ఒక్కరినే ఉద్దేశించి.

మత్లబ్ గ్రామములలో 1977లో చేతికందిన ఆ సూది మందు మన ప్రభుత్వాసుపత్రులలోనికి 'అంతర' అను పేర 2017లో వచ్చినది. మూడు నెలల కొకమారు వేయించుకొనవలెను. కావున ప్రభుత్వ ఆరోగ్య నివేదికలలో దానికి మొదటి మోతాదు, రెండవ మోతాదు, మూడవ మోతాదు అని వేఱువేఱు గళ్లు కలవు. 1965 నాటి లూపు లక్ష్యములలో రెండవ గడి లేకుండెను.